విడిచిన చొక్కా

"ఆ చొక్కాయి నీళ్ళల్లో పెట్టొద్దని చెప్పినా గదత్తా!"

సంగీత పరుగున పెరట్లోకి వచ్చేసరికే ఆలస్యమైపోయింది. అత్త ఏసురత్నం చొక్కాను బండ మీద పరిచి, కాలరుకు సబ్బు రుద్దుతోంది. నురగ బండ అంచుల మీదుగా కారుతోంది.

"చెప్పినావులే. విడిచిన చొక్కాయిని ఎవురన్నా కవర్లో మూట గట్టి దాస్తారా? ఇప్పితే గుప్పుమన్యాది. నా కొడుకు చొక్కాయి కంపు కొడతాంటే సూస్తా కూర్చోమంటావా?"

"ఆ కంపే నాకు కావాల్సింది."

ఏసురత్నం చేతిలో సబ్బు ఆగిపోయింది. కోడలి ముఖంలోకి ఒక్క క్షణం చూసి, చొక్కాను పిండి తీగ మీద వేసింది.

ఆ చూపు సంగీతకు అర్థమైంది. నిన్న సాయంత్రం హిందూపురం కాలేజీ నుంచి వచ్చాక, "నేను రాసిందంతా తప్పత్తా" అని ఒక్క మాట అని అన్నం ముందు నుంచి లేచిపోయింది. ఏడాది పాటు చేసిన ఎం.ఫార్మసీ పరిశోధన సోమవారం బైండింగుకు పోవాలి. హిందూపురం మందుల కంపెనీలో ఉద్యోగం దాని కోసమే ఎదురుచూస్తోంది. పెనుకొండలోని ఈ రెండు గదుల ఇంట్లో అందరూ ఆ రోజు కోసమే వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నారు. అలాంటప్పుడు అంత మాట అని పడుకుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

"ఏమి పొద్దున్నే యుద్ధం?" ప్రేమ్ కుమార్ గుమ్మంలో నిలబడ్డాడు. షిఫ్టు దిగి అప్పుడే వచ్చాడు. కార్లకు సీట్లు కుట్టే కంపెనీ. నీలం చొక్కా వీపంతా తడిసి ఉంది.

"నీ పెండ్లాన్నే అడుగప్పా. నీ చొక్కాయి ఉతికితే తప్పంట."

ప్రేమ్ నవ్వబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు. "నిన్న సగమే చెప్పినావు. మళ్ళా చెప్పు. నాకి అర్థమయ్యేట్టు చెప్పు."

సంగీత బండ అంచున కూర్చుంది.

"వేడి పలక మీద చిట్టెలకను పెడతాము. కాలు ఎత్తి నాకేదానికి ఎన్ని సెకండ్లు పట్టిందో రాసుకుంటాము. ఏమీ తాపని ఎలకలు ఐదు సెకండ్లకే నాకినాయి. నల్లేరు రసం తాగినవి పది సెకండ్లు గమ్మున నిలబడినాయి. అంటే నల్లేరు నొప్పి తగ్గిస్తాదని రాసినా."

"మంచిదే గదా?"

"ఏమీ తాపనివి మే నెలలో చేసినా. ఎండకు అప్పుడు నీ చొక్కా ఏసుకోలే. నల్లేరు తాపినవి జూలై నుంచి చేసినా. అప్పటికి రోజూ నీ చొక్కానే."

ఆ అలవాటు చిలమత్తూరు నుంచి వచ్చింది. సంగీత తల్లి నాగమణి శెనక్కాయ పీకడానికి పోయేటప్పుడు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కునేది. ఆ ఊళ్ళో కూలికి పోయే ఆడవాళ్ళంతా అంతే. మట్టీ ముల్లూ చొక్కాకే తగలాలి. జూలైలో ఒక ఎలుక మణికట్టు కొరికాక సంగీతకు అమ్మ చొక్కా గుర్తొచ్చింది. షిఫ్టు నుంచి వచ్చి ప్రేమ్ విడిచిన చొక్కాను ఆప్రాన్ కింద తొడుక్కుని పోవడం, సాయంత్రం వచ్చి ఉతకడం. ఎట్లాగూ ఉతకాల్సిందే కదా, రెండు మురికిలకు ఒకటే ఉతుకు అనుకుంది. ఆ తెలివికి తనను తాను మెచ్చుకుంది కూడా.

"అయితే ఏమి?" అన్నాడు ప్రేమ్.

"మగమనిషి చెమట వాసన తగిల్తే ఎలకలు నొప్పిని బయటికి కనపడనీవంట. కాలేజీలో ఎలకల్ని మేపే చిన్నమ్మ నిన్న చెప్పింది. వెతికి చూస్తే పెద్ద పెద్దోళ్ళు ఎప్పుడో రాసి పెట్టినారు. నేనే చదవలే."

ప్రేమ్ పెద్దగా నవ్వాడు.

"కంపెనీలో సూపర్‌వైజరు నాకి భయపడడు. ఇంట్లో నువ్వు భయపడవు. యాడనో హిందూపురంలో ఎలకలు నాకి భయపడతాండాయా!"

"నీకి కాదయ్యా. నీ వాసనకు."

"రెండూ ఒకటి కాదా?" నవ్వు ఆగిపోయింది. "అంటే నా కంపుతో నీ చదువు చెడిపోయినాదని నాలుగూర్లకు చెప్తావా?"

"అయితే నల్లేరు పని చెయ్యదా?"

ఆ మాట అన్నది ఏసురత్నం. ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

ఆమె మోకాళ్ళు అరిగి మూడేళ్ళైంది. పోయిన నెల ధర్మవరంలో ఎముకల డాక్టరు రమ్మన్న తేదీకి పోనంది. "ఎలకలకే తగ్గినాక నాకి తగ్గదా?" అంటూ కాగితాన్ని పెట్టెలో పెట్టేసింది. అప్పటి నుంచి పొద్దునా సాయంత్రం చింతపండు వేసి నూరిన నల్లేరు పచ్చడే మందు. గొంతు దురద పెట్టినా తింటోంది.

"చెయ్యదని కాదత్తా. చేస్తాదో లేదో నాకి తెల్దు. తెల్దని రాయాల."

"నాకి తగ్గింది గదా," అంది ఏసురత్నం కొడుకు వైపు చూస్తూ. "సగానికి సగం తగ్గింది."

"ఇంగేం కావాల?" ప్రేమ్ చేతులు చాచాడు. "ఎలకల సాక్ష్యం కంటే మా అమ్మ సాక్ష్యం తక్కువా? సోమవారం ఇచ్చేయి ఆ పుస్తకం."

సంగీత లేచి నిలబడింది.

"నీ ఒంటి మీది చొక్కా ఇయ్యి."

"ఏమి?"

"అది ఉతికేసింది. ఇది ఇయ్యి. ఇప్పుడే."

ప్రేమ్ ముఖం ఎర్రబడింది. ఒక్కో గుండీ విప్పి, చొక్కాను ఆమె కాళ్ళ ముందు పడేసి, ఒంటి బనియనుతో లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు మాత్రం వేయలేదు. సంగీత చొక్కాను మడిచి కవర్లో పెట్టి, మూతి గట్టిగా ముడివేసి, ప్యాసింజరు కోసం స్టేషనుకు నడిచింది.

* * *

"తెచ్చినావా మొగుని చొక్కాయి?"

చిన్నమ్మ ఎలుకల గదిలో పొట్టు మారుస్తోంది. ఆమె చేతిలోకి తీసుకుంటే ఎంతటి దుడుకు ఎలుకైనా సర్దుకుని పడుకుంటుంది.

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు చిన్నమ్మా?"

"ఇరవై ఏండ్లుగా మేపుతాండా. ముందు ఒక మగాయన ఉండె. ఆయప్ప ఈ గదిలోకి వస్తే ఎలకలు మూలకు పోయి ముడుచుకుంటాండె. ఆయప్ప మానుకున్యాక ఒళ్ళు ఇప్పారి తిరిగినాయి. నువ్వు చొక్కాయి ఏసుకోని వచ్చిన పొద్దు నుంచి మళ్ళా అదే కత." చిన్నమ్మ చేతులు దులుపుకుంది. "ఎవురికి చెప్పాల? నన్ను ఎవురడిగినారు?"

సంగీత కవరు ముడి విప్పింది.

రెండు బుట్టలు తెచ్చారు. ఒకదాంట్లో ప్రేమ్ చొక్కా, ఇంకొకదాంట్లో సంగీత పాత చుడీదారు. రెండింటి మీదా పల్చటి గుడ్డ కప్పారు.

"ఏ బుట్ట పలక పక్కన పెడతాండావో నాకి చెప్పొద్దు చిన్నమ్మా. నా ముక్కుకు తెలీకుండా మాస్కు కట్టుకుంటా. తలుపు ఎనక సుద్దముక్కతో నువ్వే గీతలు పెట్టుకో."

"పరీక్ష ఎలకలకా, నీకా?"

"నాకే."

పన్నెండు ఎలుకలు. దేనికీ ఏ మందూ తాపలేదు. ఒక్కోసారికి మధ్య చిన్నమ్మ కిటికీ తెరిచి ఫ్యాను తిప్పి గాలి మార్చేది. సంగీత పలక మీద ఎలుకను వదిలి స్టాప్‌వాచీ నొక్కేది. ఐదు సెకండ్లు. తొమ్మిది. ఆరు. ఐదు. పదకొండు.

ఎనిమిదోది కదలలేదు. తెల్లటి ఒళ్ళు దగ్గరికి లాక్కుని, మీసాలైనా అదరకుండా నిలబడింది. పన్నెండు. పదమూడు. పదిహేను దాటితే పాదం కాలిపోతుంది. ఎంత పెద్ద పరీక్షైనా అక్కడ ఆపాల్సిందేనని నియమం. పద్నాలుగు దగ్గర సంగీత చెయ్యి దానంతటదే దాన్ని ఎత్తేసింది.

తిప్పి చూసింది. చిన్న పాదం ఎర్రగా కందింది. చల్లటి గుడ్డ మీద పెట్టగానే ఆ పాదాన్నే ఆత్రంగా నాకడం మొదలుపెట్టింది.

నొప్పి లేక కాదు.

చిన్నమ్మ తలుపు వెనక గీతలు చదివింది. సంగీత కాగితం మీద గుర్తులు పెట్టుకుంది. చుడీదారు పక్కన ఉన్న ఆరూ ఐదారు సెకండ్లకు కాలు ఎత్తాయి. చొక్కా పక్కన ఉన్న ఆరూ తొమ్మిది సెకండ్ల దాకా కదల్లేదు. నల్లేరు చుక్క కూడా తాగకుండా.

* * *

గైడు నారాయణప్ప సారు కాగితాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎవరైనా నిన్ను అడిగారా సంగీతా ఇది?"

"లేదు సార్."

"మరి?"

"ఏమీ తాపని ఎలుకల కంట్రోల్ గ్రూపును మళ్ళీ చెయ్యాలి సార్. మందు గ్రూపులను కూడా."

"ఆరు నెలలు పడుతుంది. తెలుసా? మే నెల లెక్కలే చాలు, మళ్ళీ వద్దని చెప్పింది నేనే. ఊరికే ఎలుకల ప్రాణాలు తీయడమెందుకని చెప్పాను. ఇప్పుడు నా తప్పు కూడా రాస్తావా?" ఆయన గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ ఉంది. "కంపెనీ వాళ్ళకు నీ పేరు చెప్పాను. జనవరి ఒకటిన చేరాలి. వాళ్ళు ఆరు నెలలు ఆగరు. ఒక్క చొక్కా కోసం ఇదంతా వదులుకుంటావా?"

సంగీత కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు.

"సోమవారం పదింటికి రా. కొలతలన్నీ నిజమని డిక్లరేషను మీద సంతకం పెట్టాలి. ఈలోపల ఇంట్లో మాట్లాడుకో. మీ ఆయన బుద్ధిమంతుడే కదా."

"వస్తాను సార్," అంది. సంతకం పెడతానని అనలేదు. ఆయన అది గమనించలేదు.

* * *

పెనుకొండలో దిగి వీధి మలుపు తిరిగేసరికి ఎండ వాలింది. ఇంటి ముందు బండి లేదు. సంగీత గేటు మీద చెయ్యి వేసి ఆగిపోయింది.

ఏసురత్నం అరుగు దిగుతోంది. దిగడం కాదు. కూర్చుని, రెండు చేతులూ ఆనించి, ఒక్కో మెట్టు మీదికి ఒంటిని జార్చుకుంటోంది. ప్రతి మెట్టుకూ "ప్రభువా" అని సన్నగా ఒక మాట. కింద గోడ పట్టుకుని లేచింది. కొళాయి అక్కడికి పన్నెండు అడుగులు.

సంగీత చెయ్యి తెలియకుండానే సంచిలోకి పోయి స్టాప్‌వాచీ నొక్కింది. యాభై రెండు సెకండ్లు.

కొళాయి కింది బిందె నిండేలోపల వీధి చివర బండి చప్పుడైంది. ఏసురత్నం నడుము నిటారైంది. కొంగు దోపుకుంది. బిందె చంకకెత్తుకుని, ప్రేమ్ గేటు దగ్గరకు వచ్చేసరికి గబగబా అరుగెక్కేసింది. పద్నాలుగు సెకండ్లు.

"ఏమి, గేటు కాడ్నే నిలబడినావు?" ప్రేమ్ గొంతులో పొద్దుటి బిగువు ఇంకా ఉంది. "అయిందా నా చొక్కా పంచాయితీ?"

"అయింది. చొక్కాదే తప్పు. ఇంగొకటి చెప్తా, బండి ఆపు."

విని ప్రేమ్ తల అడ్డంగా ఊపాడు. "తప్పుడు మాట. మా అమ్మ నాకి చెప్పకుండా ఉంటాదా? పొద్దున నీ ముంగలే చెప్పింది గదా, సగం తగ్గిందని."

"పొద్దున నువ్వున్యావు."

"అంటే?"

"అంటే నువ్వున్యావు. అంతే."

"మా అమ్మను ఎలకతో పోలుస్తాండావా?"

"ఎలకైతే బాగుండు," అంది సంగీత. గొంతు పెంచలేదు. "ఎలకను పదిహేను సెకండ్ల పైన ఆ పలక మీద పెట్టకూడదని రూలుండాది. మీ అమ్మకు ఏ రూలూ లేదు."

ఆ సాయంత్రం ఏసురత్నం నల్లేరు పచ్చడి నూరుతూ ఒకసారి, "ఉప్పు సాలిందా సూడు పాపా" అంది. సంగీత రుచి చూసి తలూపింది. చాల్లేదని చెప్పడానికి నోరు రాలేదు.

* * *

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక ప్రేమ్ చెప్పులు విడవకుండానే, "పెట్రోలు పట్టించుకోని వస్తానమా" అని బండి తీశాడు. సంగీత వైపు చూడలేదు.

వీధి మలుపు దాటి చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పక్కింటి సందులో, ప్రహరీ గోడకు ఆవల, నీలం చొక్కా అంచు కనిపించింది. గుమ్మం లోపల శెనక్కాయలు ఒలుస్తున్న సంగీత తల ఎత్తలేదు. స్టాప్‌వాచీ చేటలో కాయల కింద ఉంది. ఈసారి దాన్ని నొక్కలేదు. అవసరం లేదనిపించింది.

ఏసురత్నం మెట్లు దిగడం మొదలుపెట్టింది. కూర్చుని. చేతులు ఆనించి. "ప్రభువా."

రెండో మెట్టు మీద ఆమె చేతికి తడి తగిలి జారింది. "అమ్మా" అని కేక. సంగీత చేట వదిలి లేచేలోపలే గోడ దూకిన చప్పుడు.

ఏసురత్నం కొడుకును చూసింది. చూసిన మరుక్షణం కొంగు సర్దుకుంది. చెయ్యి గోడకు ఆనింది. కాలు కింద పెట్టి లేవబోయింది.

"ఏమప్పా, ఏమన్నా మర్సిపోయినావా? నాకేం కాలే. ఊరికే తడికి..."

"లేయొద్దు."

"నాకేం ల్యాదప్పా, నేను..."

"లేయొద్దంటాండా గదమా!" ప్రేమ్ మెట్టు కింద నేల మీద కూలబడ్డాడు. చాలాసేపు తల్లి పాదాల వైపే చూశాడు. "నన్ను సూస్తే భయమా అమ్మా నీకి?"

పక్కింట్లో రేడియో మోగుతోంది. ఏసురత్నం ముక్కు చీదింది.

"భయమేందిరా, తిక్కోడా. మీ నాయన ఇస్సాకు ఉన్యాడే, నేను ఒక్కసారి మూలిగితే ఆ పూట కూడు సగం వదిలేసి లేసేటోడు. పొద్దంతా రాళ్ళు కొట్టొచ్చిన మనిషి. సగం కడుపుతో పండుకుంటాంటే ఎట్ల సూడాల? అందుకే ఆయప్ప అడుగు చప్పుడు అయితానే నొప్పి మింగడం నేర్సుకున్యా. ఇంగ అది నా సేతిలో లేదు. నీ బండి చప్పుడైతే నడుము దానంతటదే లేస్తాది." ఆమె కోడలి వైపు తిరిగింది. "నీ నల్లేరు తప్పు కాదులే పాపా. నేనే తగ్గిందని అబద్దం చెప్పినా."

"నా లెక్కలు కూడా అబద్దమే చెప్పినాయి అత్తా," అంది సంగీత. "వాటిని దిద్దితే ఈ ఉద్యోగం పోతాది."

ప్రేమ్ లేచి లోపలికి వెళ్ళాడు. పెట్టె మూత తెరిచిన చప్పుడు. ధర్మవరం డాక్టరు కాగితంతో తిరిగి వచ్చాడు.

"పోనీ ఉద్యోగం," అన్నాడు. అని, మళ్ళీ, "పోతే ఎట్లని నాకీ దిగులుండాది. లేదని చెప్పను," అన్నాడు.

పెళ్ళైన ఐదేళ్ళలో అతను ఆమెకు చెప్పిన మొదటి దిగులు అదే.

* * *

సోమవారం పొద్దున పెనుకొండ స్టేషనులో ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. తల్లీకొడుకులు ధర్మవరం వైపు, సంగీత హిందూపురం వైపు.

"డాక్టరు మోకాలు నొక్కేటప్పుడు నువ్వు బయట నిలబడాల," అంటోంది ఏసురత్నం కొడుకుతో. "అప్పుడే సరిగ్గా చెప్తా."

"నిలబడతాలేమా. వీధి చివరికి పోయి నిలబడమన్నా నిలబడతా."

సంగీత ఫోను మోగింది. నారాయణప్ప సారు.

"సంగీతా, మీ ఆయన్ను కూడా వెంటబెట్టుకుని రా. ఆయనతో నేను మాట్లాడతాను."

సంగీత ప్రేమ్ వైపు చూసింది. అతను వింటున్నాడు. కళ్ళతోనే, "రావాలా?" అన్నట్టు చూశాడు.

"లేదు సార్. నేను ఒక్కదాన్నే వస్తున్నాను."

పది గంటలకు ఆమె తలుపు తోసేసరికి గదిలో ఉన్నది నారాయణప్ప సారు ఒక్కరే కాదు. ఆయనకు ఒక పక్క ప్రిన్సిపాలు, ఇంకో పక్క మందుల కంపెనీ నుంచి వచ్చిన అధికారి. ముగ్గురి ముందూ టీ కప్పులు. ఆమెకు వేసిన కుర్చీ ముందు డిక్లరేషను కాగితం, దాని మీద మూత తీసిన పెన్ను.

చొక్కాల వాసన, అత్తరు వాసన, ఫ్యాను గాలి. తలుపు వెనకనే మూసుకుంది.

సంగీత కూర్చుంది. ఒళ్ళు తనకు తెలియకుండానే దగ్గరికి ముడుచుకోవడం గమనించింది. ముఖం మీదికి అలవాటైన చిన్న నవ్వు వచ్చి కూర్చోబోయింది.

కంపెనీ అధికారి పెద్దమనిషిలా, దయగా ముందుకు వంగాడు.

"సంతకం పెట్టేయమ్మా. ఇబ్బంది ఏమీ లేదు కదా?"

ఆమె పెన్ను తీసి, మూత పెట్టి, పక్కన పెట్టింది. ఈ గదిలో ఎప్పుడూ మాట్లాడే కాలేజీ భాష నోటికి రాలేదు.

"ఉండాది సార్."